నాణెం మీద బొమ్మ: రోమను సామ్రాజ్యం నడిచిన తీరు



పరిసయ్యులు, హేరోదు పక్షం వాళ్లు ప్రభువును చిక్కులో పెట్టాలని పన్ను గూర్చి ప్రశ్న అడిగిన సంఘటన మీకు బాగా తెలుసు (మార్కు 12,13-17). ఆయన ఓ నాణెం తెప్పించి, దానిమీది బొమ్మ ఎవరిదని వాళ్లనే అడిగాడు. ఆయన చెప్పిన జవాబు మీద మనం చాల ప్రసంగాలు విన్నాం. ఆ నాణేన్ని గూర్చి మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. కనుక ఈ వారం ఆ నాణేన్నే చేతిలోకి తీసికొని తిప్పి చూద్దాం.

అది చిన్న వెండి నాణెం. లతీనులో దాని పేరు దెనారియస్. తోటలో పనిచేసిన కూలీకి ఒకరోజు కూలి అదే (మత్త 20,2). దానిమీద టైబీరియస్ చక్రవర్తి తల ఉంటుంది. చుట్టూ ఉన్న అక్షరాలు అతడు దేవుడైన అగుస్తు కుమారుడని చెప్తాయి. ఒక్క దేవుణ్ణి తప్ప ఎవరినీ కొలవని యూదుడు ఆ నాణేన్ని సంచిలో పెట్టుకొని తిరగాలి. పన్ను కట్టేపుడు దాన్నే బయటికి తీయాలి.

ఇక్కడ మనకో విశేషముంది. అవే నాణేలు మన నేలలో కూడ దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో అగుస్తు, టైబీరియస్‌ల కాలపు వెండి నాణేలు పెద్ద మొత్తంలో బయటపడ్డాయి. ఆ రోజుల్లో గ్రీకు వర్తకుడొకడు వ్రాసిన ఓడ ప్రయాణాల పుస్తకం మన తీరాన్ని మసాలియా అని పిలుస్తుంది. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని చెప్తుంది. అనగా మన తాతముత్తాతలు బట్ట అమ్మి రోమను వెండిని తెచ్చుకొన్నారు. వాళ్లకు ఆ నాణెం మీది బొమ్మ ఎవరిదైనా ఒకటే, వెండి మంచిదైతే చాలు. కాని యూదయాలోని రైతుకు అలా కాదు. అతనికి ఆ బొమ్మ యజమాని బొమ్మ. నాణెం ఒకటే. ఒకచోట అది సరుకు ధర, మరొకచోట లొంగుబాటుకు గుర్తు. సామ్రాజ్యం లోపల ఉండడానికీ, బయట ఉండడానికీ ఉన్న తేడా ఇంతకంటె తేలికగా చెప్పడం కష్టం.

రాజ్యం వేరు, సామ్రాజ్యం వేరు

పెద్ద రాజ్యమే సామ్రాజ్యమని మనం మామూలుగా అనుకొంటాం. విస్తీర్ణం ఒక్కటే చాలదు. ఒక జనం తనకంటె వేరైన ఇతర జనాలను లొంగదీసికొని, వాళ్లను వేరుగానే ఉంచి, వాళ్ల సొమ్ముతో బలపడితే అది సామ్రాజ్యం. అక్కడ ఒక నడిబొడ్డు ఉంటుంది, చుట్టూ రాష్ట్రాలు ఉంటాయి. ఆజ్ఞ నడిబొడ్డు నుండి బయటికి వెళ్తుంది. ధాన్యం, వెండి, బానిసలు బయటినుండి నడిబొడ్డుకు వస్తారు.

ఇంకో పొరపాటు అభిప్రాయం కూడ ఉంది. చక్రవర్తి ఉంటేనే సామ్రాజ్యమని అనుకొంటాం. రోము విషయంలో ఇది తలక్రిందులు. అగుస్తు క్రీ.పూ. 27లో ఆ బిరుదు పొందాడు. కాని అప్పటికే రోముకు రెండువందల యేండ్లుగా సామ్రాజ్యముంది. సిసిలీ ద్వీపం క్రీ.పూ. 241లో దానికి మొదటి రాష్ట్రమైంది. క్రీ.పూ. 146లో ఒకే యేడు ఆఫ్రికాలోని కార్తేజినీ, గ్రీసులోని కొరింతునూ రోమనులు నేలమట్టం చేసారు. అప్పుడు రోముకు రాజు లేడు. యేటేట పౌరులు అధికారులను ఎన్నుకొనేవాళ్లు, సెనేటు సభ చర్చలు జరిపేది. తమ ఊళ్లో రాజును సహించని జనం ఇతరుల ఊళ్లకు రాజులైపోయారు. సొంత ఇంట్లో ప్రజాస్వామ్యం, పొరుగింట్లో పెత్తనం అనే ఈ పద్ధతిని తర్వాతి కాలంలో చాల దేశాలు నేర్చుకొన్నాయి. ఇంగ్లండు వాటిలో ఒకటి.

క్రీ.పూ. 167వ సంవత్సరాన్ని గుర్తుంచుకొండి. అప్పటికి మాసిదోనియా యుద్ధం ముగిసింది. రోమను సైన్యం తిరుగుదారిలో ఎపిరస్ అనే ప్రాంతంలో 70 ఊళ్లను దోచుకొని, లక్షా యాబైవేలమందిని బానిసలుగా అమ్మింది. ఆ యుద్ధంలో వచ్చిన సొమ్ము ఎంతంటే, ఆ యేడు మొదలుకొని రోమను పౌరులు తమ ఆస్తిపన్నును కట్టడం మానివేసారు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. రోములోని మామూలు గృహస్థుడు ఎవరినీ చంపలేదు, ఎవరినీ అమ్మలేదు. అతనికి పన్ను రద్దైంది, అంతే. సామ్రాజ్యం వల్ల లాభం పొందేవాడికి అది కంటికి కన్పించదు.

కొద్దిమందితో పెద్ద దేశం

రోమను సామ్రాజ్యంలో ఐదారు కోట్లమంది జనం ఉండేవాళ్లని చరిత్రకారుల అంచనా. వాళ్లను లొంగదీసి ఉంచిన సైన్యం ఎంత? క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో మూడు లెగియోనులు నాశనమయ్యాక మిగిలినవి 25. ఒక్కో దానిలో సుమారు ఐదువేలమంది. వీళ్లకు తోడుగా దాదాపు అంతేమంది పరజాతుల సైనికులు. ఇంత కొద్దిమంది అన్ని కోట్లమందిని కత్తితో మాత్రమే ఏలలేరు. మరి ఎలా ఏలారు? ఆయా దేశాల్లోని పెద్దల చేత ఏలించారు.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ హేరోదు. క్రీ.పూ. 63లో పాంపే సేనాని యెరూషలేమును పట్టుకొన్నాడు. అటు తర్వాత క్రీ.పూ. 40లో రోములోని సెనేటు హేరోదును యూదుల రాజుగా ప్రకటించింది. రాజ్యం యెరూషలేములో, పట్టం కట్టింది రోములో! అతడు మహాదేవాలయాన్ని తిరిగి కట్టించాడు. అదే చేత్తో చక్రవర్తి పేర సముద్రతీరాన సీజరియా నగరాన్ని కట్టి, అందులో అగుస్తుకు గుడి లేపాడు. యెరూషలేము దేవాలయ ద్వారం మీద బంగారు గద్ద బొమ్మ పెట్టించాడు. యువకులు కొందరు దాన్ని నరికి పడవేస్తే వాళ్లను కాల్పించాడు. ఇటు దేవుని మందిరం, అటు చక్రవర్తి గుడి. నడిమి రాజు బ్రతుకంతా ఇలాగే ఉంటుంది.

ఈ పద్ధతి మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 1798లో నైజాము నవాబు ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం చేసికొని, వాళ్ల సైన్యాన్ని తన రాజ్యంలో ఉంచుకొన్నాడు. ఆ సైన్యం ఖర్చుకోసం 1800లో కడప, బళ్లారి తదితర సీమలను కంపెనీకి వ్రాసిచ్చాడు. అవే దత్తమండలాలు, తర్వాతి రాయలసీమ. నవాబు సింహాసనం మీదనే ఉన్నాడు, ఏనుగులూ భేరీలూ అన్నీ ఉన్నాయి. తన్ను కాపలా కాసే సైన్యానికి మాత్రం తానే జీతమివ్వాలి, దాన్ని కదిలించేది మాత్రం మరొకడు. హేరోదుకు ఈ సంగతి బాగా అర్థమై ఉండేది.

నడిమి రాజు పనికిరాకపోతే సామ్రాజ్యం అతణ్ణి తీసివేస్తుంది. హేరోదు చనిపోగానే తిరుగుబాటు లేచింది. సిరియా గవర్నరు వారుస్ వచ్చి రెండువేలమందిని సిలువ వేయించాడు. (జర్మనీ అడవుల్లో ఆ మూడు లెగియోనులను పోగొట్టుకొని చచ్చిందీ ఈ వారుసే.) హేరోదు కుమారుడు అర్కెలాసు పాలన సరిగా సాగలేదు. క్రీ.శ. 6లో అతణ్ణి దేశాంతరం పంపి, యూదయాను రోమను అధికారి క్రిందికి తెచ్చారు. ఆ వరుసలో వచ్చినవాడే పొంతి పిలాతు. 1961లో సీజరియాలోని పాత నాటకశాలలో పిలాతు పేరుగల రాయి ఒకటి దొరికింది. ఎవరో దాన్ని మెట్టురాయిగా వాడుకొన్నారు. దానిమీద అతని ఉద్యోగం పేరు ప్రిఫెక్టు అని ఉంది. అది సైనికోద్యోగి పేరు.

పిలాతు చేతిక్రింద ఉన్న సైనికులు సుమారు మూడువేలు. వాళ్లు కూడ ఎక్కువగా సీజరియా, సమరియా ప్రాంతాల్లో భర్తీ ఐన యూదేతరులే. రోమునుండి వచ్చిన లెగియోనులు నాలుగూ సిరియాలో ఉండేవి. మరి యెరూషలేములో రోజువారీ పాలన ఎవరిది? ప్రధానార్చకునిది, పెద్దల సభది. ప్రధానార్చకుణ్ణి నియమించేదీ, తొలగించేదీ మాత్రం రోమను అధికారి. ప్రధానార్చకుని పండుగ వస్త్రాలు కూడ కోటలో రోమనుల తాళం క్రింద ఉండేవి. పండుగ వస్తే అడిగి తీసికొని, ముగిసాక తిరిగి అప్పజెప్పాలి. కైఫా దేవుని సన్నిధిలోనికి వెళ్లే బట్టలకు తాళంచెవి అన్యుని దగ్గర ఉంది! ఈ చిన్న సంగతి తెలిస్తే, కైఫా పిలాతుల మధ్య ఆ శుక్రవారం ఉదయం జరిగిన బేరసారాలు మనకు ఇంకొంచెం బాగా అర్థమౌతాయి. కైఫా తప్పు దీనివల్ల తగ్గిపోదు. కాని అతడు ఎలాంటి పంజరంలో కూర్చున్నాడో తెలుస్తుంది.

పన్ను, వెట్టి

యూదయాను రోము చేతిలోకి తీసికొన్న వెంటనే చేసిన పని జనాభా లెక్క. సిరియా గవర్నరు క్విరీనియుస్ దాన్ని జరిపించాడు. లెక్క దేనికి? మనిషికింత, పొలానికింత అని పన్ను వేయడానికి. గలిలీయుడైన యూదా అనేవాడు ఆ లెక్కకు ఎదురుతిరిగి చనిపోయాడని అపోస్తలుల కార్యములు కూడ చెప్తుంది (5,37). లెక్క వ్రాసికొన్నంత మాత్రాన తిరుగుబాటెందుకని మనకు అన్పించవచ్చు. కాని పేరు పుస్తకంలోకి ఎక్కడమంటే మెడకు తాడు ఎక్కడమని పేదరైతుకు తెలుసు. మన పల్లెల్లో ఇప్పటికీ కొలతగొలుసు పట్టుకొని సర్కారు మనిషి పొలంలోకి దిగితే ముసలివాళ్లు అనుమానంగా చూస్తారు.

పూర్వం రోము పన్నుల వసూలును వేలం పాడి కంపెనీలకు ఇచ్చేది. పాడుకొన్నవాళ్లు సర్కారుకు ఇచ్చినదానికి పైన ఎంత పిండుకొంటే అంత లాభం. వాళ్లను అదుపులో పెట్టాల్సిన గవర్నర్లు తామే దోచుకొన్న సందర్భాలున్నాయి. సిసిలీని క్రీ.పూ. 73 నుండి 71 వరకు ఏలిన వెర్రెస్ అలాంటివాడు. ధాన్యం, విగ్రహాలు, వెండి పాత్రలు, దేన్నీ వదల్లేదు. సిసిలీ జనం రోములో కేసు పెట్టారు. సిసెరో అనే వకీలు వాళ్ల తరపున వాదించాడు. వాదం సగంలో ఉండగానే వెర్రెస్ ఊరు వదిలి పారిపోయాడు. ఈ కేసును రెండు రకాలుగా చదవవచ్చు. రోములో న్యాయస్థానం ఉందనీ, లొంగిన జనం కూడ అక్కడికి వెళ్లగలిగారనీ ఒకటి. అంతమంది గవర్నర్లలో ఇలా దొరికిపోయినవాళ్లు చాల తక్కువని రెండవది. నాకు రెండవదే ఎక్కువ బరువుగా తోస్తుంది.

ప్రభువు కాలానికి యూదయాలో తలపన్ను, భూమిపన్ను కంపెనీల చేతిలో లేవు. దారిసుంకాలు, సరుకుల సుంకాలు మాత్రం పాటకు ఇచ్చేవాళ్లు. కఫర్నాములోని లేవి, యెరికోలోని జక్కయ ఈ రకంవాళ్లు. జనం వాళ్లను అంతగా అసహ్యించుకోవడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. వాళ్లు తమ ఊరివాళ్లే. దూరాన ఉన్న చక్రవర్తిని ద్వేషించడానికి తీరికుండదు, గట్టుమీద కూర్చున్న పక్కింటి సుంకరి రోజూ కన్పిస్తాడు.

పన్నుతోపాటు వెట్టి కూడ ఉండేది. దారిన పోయే మనిషిని, గాడిదను ఆపి సామాను మోయించే హక్కు సైనికునికి ఉంది. గ్రీకు సువిశేషాల్లో దీనికి వాడిన మాట పర్షియా సామ్రాజ్యపు తపాలా ఏర్పాటునుండి వచ్చింది. అనగా రోముకు ముందే ఇతరులు కనిపెట్టిన బాధ ఇది. సామ్రాజ్యాలు ఒకదాన్ని ఒకటి పడగొట్టుకొంటాయి కాని, పడిపోయినదాని పనిముట్లను పారవేయవు. మైలుదూరం మోయమంటే రెండు మైళ్లు మోయమన్న ప్రభువు మాటలోనూ (మత్త 5,41), సిరేనె సీమోను చేత సిలువ మోయించిన తావులోనూ ఉన్నది ఈ మాటే. దొరలకు వెట్టి చేసిన తాతలుగల తెలంగాణా పాఠకులకు నేను దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె కఠినమైన పన్ను ఓడిపోయాక వచ్చింది. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయాన్ని కాల్చివేసారు. అంతవరకు ప్రతి యూదుడూ యేటేట రెండు ద్రాక్మాలు దేవాలయానికి పంపేవాడు. దేవాలయం పోయింది కనుక పన్ను కూడ పోవాలి గదా? పోలేదు. అదే రెండు ద్రాక్మాలు ఇకమీదట రోములోని జూపితరు గుడికి కట్టమన్నారు. సామ్రాజ్యమంతటా ఉన్న యూదులందరిమీదా, ఆడవాళ్ల మీదా పిల్లల మీదా కూడ ఈ పన్ను పడింది.

తలుపు కొంచెం తెరవడం

ఇన్ని చెప్పాక, అంత క్రూరమైన ఏర్పాటు అన్ని శతాబ్దాలు ఎలా నిలిచిందన్న ప్రశ్న వస్తుంది. రోముకు ఇంకో విద్య కూడ తెలుసు. ఓడించినవాళ్లలో కొందరికి తలుపు తెరిచేది. గాలు దేశపు పెద్దలను సెనేటులోకి తీసికోవాలని క్లౌదియుస్ చక్రవర్తి క్రీ.శ. 48లో ఉపన్యసించాడు. ఆ ఉపన్యాసం చెక్కిన కంచురేకు 1528లో ఫ్రాన్సులోని లియోను నగరంలో దొరికింది. అతని వాదం ఏమిటంటే, రోము మొదటినుండి పరాయివాళ్లను కలుపుకొంటూనే పెరిగింది. తర్వాత స్పెయినులో పుట్టిన ట్రాజను, ఆఫ్రికాలో పుట్టిన సెప్టిమియుస్ సెవెరుస్ చక్రవర్తులయ్యారు. లండనులో రెండువందల యేండ్లు ఏలినా మన దేశంవాడు ఒక్కడైనా ఇంగ్లండుకు రాజయ్యే ఆలోచన వాళ్ల కలలోకి కూడ రాలేదు. ఈ ఒక్క విషయంలో రోము వాళ్లకంటె తెలివైనది.

పునీత పౌలు కథలో ఈ తలుపు స్పష్టంగా కన్పిస్తుంది. కొరడాలతో కొట్టబోతుంటే అతడు నేను రోమను పౌరుణ్ణని చెప్పాడు. సైనికులు వెంటనే వెనక్కి తగ్గారు. సహస్రాధిపతి తాను చాల డబ్బు పోసి ఆ పౌరసత్వాన్ని కొన్నానన్నాడు. పౌలు నాకిది పుట్టుకతోనే వచ్చిందన్నాడు (అ.కా. 22,25-29). అదే నగరంలో, కొన్ని యేండ్ల క్రితం, పౌరసత్వం లేని నజరేతువాణ్ణి కొరడాలతో కొట్టినపుడు ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఒక్క చట్టం, రెండు రకాల వీపులు.

క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ పౌరసత్వమిచ్చాడు. ఇది గొప్ప ఔదార్యమా? పౌరులు మాత్రమే కట్టే వారసత్వపు పన్ను ఇకమీదట అందరూ కడతారనే ఆశతో ఇచ్చాడని ఆ కాలపు చరిత్రకారుడు దియో కాస్సియుస్ వ్రాసాడు.

వంతెనలు ఎవరికోసం?

యూదుల తాల్మూదు గ్రంథంలో రెండవ శతాబ్దపు రబ్బుల సంభాషణ ఒకటుంది. రబ్బీ యూదా రోమనుల పనులను మెచ్చుకొన్నాడు, బజార్లు, వంతెనలు, స్నానశాలలు కట్టించారన్నాడు. రబ్బీ యోసె మౌనంగా ఉండిపోయాడు. రబ్బీ సిమియోను మాత్రం, అవన్నీ వాళ్ల సుఖంకోసమే కట్టుకొన్నారనీ, వంతెన సుంకం వసూలుకేననీ వాదించాడు. ఈ మాటలు అధికారుల చెవిని పడ్డాయి. మెచ్చినవాడికి గౌరవం దక్కింది. మౌనంగా ఉన్నవాణ్ణి ఊరు వదిలిపొమ్మన్నారు. విమర్శించినవాడికి మరణశిక్ష. అతడు గుహలో దాక్కొని బ్రతికాడు. వాదంలో ఎవరు గెలిచినా, శిక్షలు పంచిన తీరు చూస్తే ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

మన దగ్గర ఈ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి జిల్లాల రైతులు కాటన్ దొర విగ్రహాలకు నేటికీ దండలు వేస్తారు. వేయడం తప్పని నేననను. అతడు కట్టిన కాలువల నీళ్లు నిజమైన నీళ్లు, పండిన వడ్లు నిజమైన వడ్లు. ఐతే అదే ప్రభుత్వం క్రింద 1876లో రాయలసీమలో ధాత కరువు వచ్చింది. జనం లక్షలాదిగా చనిపోయారు. ఆ రోజుల్లోనే మన దేశపు ధాన్యం ఓడల్లో ఎగుమతి ఔతూనే ఉంది. రైలుకంటె కాలువ ముఖ్యమని కాటనే సర్కారుతో పోట్లాడాడు. అనగా సామ్రాజ్యంలోని మంచి పనులకు కూడ ఆ సామ్రాజ్యంతో పోరాడినవాడొకడు ఉండవలసి వచ్చింది.

చక్రవర్తులు ఎప్పుడూ పశ్చాత్తాపపడరా అంటే, ఒకడు పడ్డాడు. ఇందుకు మనం రోము దాకా వెళ్లనక్కరలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శాసనాలున్నాయి. పదమూడవ శాసనంలో అతడు కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షా యాబైవేలమందిని చెరపట్టి తరలించారనీ, అందుకు తాను దుఃఖిస్తున్నాననీ చెక్కించాడు. గెలిచిన రాజు ఇలా వ్రాయించడం లోకచరిత్రలో బహు అరుదు. ఐనా రెండు విషయాలు గమనించండి. అదే శాసనంలో అడవి జాతులవాళ్లకు, రాజు బాధపడుతున్నా అతనికి బలం తగ్గలేదు సుమా అనే హెచ్చరిక ఉంది. ఇక కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ శాసనాల్లో ఈ పదమూడవది అసలే లేదు. పశ్చాత్తాపాన్ని ఎర్రగుడిలో చదువుకోవచ్చు కాని, దెబ్బతిన్న చోట చదవడానికి వీల్లేదు. కళింగను మాత్రం అశోకుడు తిరిగి ఇవ్వలేదు.

ఆ బొమ్మ ఎంతకాలం ఉంది?

పశ్చిమ రోమను సామ్రాజ్యం క్రీ.శ. 476లో ముగిసింది. తూర్పుభాగం కొన్‌స్తాంతినోపిలులో 1453 దాకా సాగింది. ఐనా పేర్లు చావలేదు. మన మేత్రాసనాన్ని ఇంగ్లీషులో డయోసిస్ అంటాం. దియొక్లెషియను చక్రవర్తి రాష్ట్రాలను గుంపులుగా చేర్చి ఒక్కో గుంపుకు పెట్టిన పేరు అది. సీజరు అనే ఇంటిపేరు జర్మనీలో కైజరు, రష్యాలో జారు ఐంది.

అదే పేరు మన దేశానికీ వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని కైసర్-ఎ-హింద్‌గా ప్రకటించారు. రాయలసీమలో ధాత కరువు నడుస్తున్న రోజులవి. రోములో మొదలైన ఆ బిరుదును చివరకు ఆరవ జార్జి రాజు 1948 జూన్ 22న వదలుకొన్నాడు. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే అడుగున వెదకండి. నాయనమ్మ దాచిన వెండి రూపాయి దొరకవచ్చు. దానిమీద కిరీటం పెట్టుకొన్న తల, చుట్టూ ఇంగ్లీషు అక్షరాల్లో రాజు, చక్రవర్తి అనే రెండు మాటలూ ఉంటాయి.